గెడ్డలో కట్టిన మడి

కిల్లో సుక్రి మడి ముప్పై ఏళ్ళ కిందట లేదు. లేదంటే ఇంకెవరి చేతిలోనో ఉండేదనో, అడవిగా ఉండేదనో అనుకునేరు. ఆ నేలే లేదు. అక్కడ ఒక గెడ్డ ఉండేది. వానాకాలం నాలుగు నెలలూ కొండ మీది నీళ్ళన్నీ ఆ సన్నటి వాగులోంచే ఉరుకుతూ దిగేవి. రెండు పక్కలా రాళ్ళు, నడుమ రాళ్ళు, రాళ్ళ కింద మళ్ళీ రాళ్ళు. మేకలు కూడా ఆలోచించి అడుగేసే చోటు. అలాంటి చోట అరెకరం సాపు నేల ఎలా వచ్చిందంటే, ఒక ఆడమనిషి తన వయసంతా అక్కడ పోస్తే వచ్చింది.

హుకుంపేట సంతకి తెల్లారగట్ల బయల్దేరితే ఎండ ముదిరేవేళకి చేరేంత దూరంలో ఉంది వాళ్ళ ఊరు కుసుంపుట్టు. ముప్పై గడపలు. కొండవాలు మీద చోళ్ళూ సామలూ పండుతాయి, చెట్ల నీడన కాఫీ కాస్తుంది. వరికి మాత్రం నీళ్ళు నిలవాలి. నీళ్ళు నిలవాలంటే నేల సాపుగా ఉండాలి. దేవుడు ఆ కొండల్ని చేసేటప్పుడు సాపు నేల సంగతి మరిచిపోయాడు కాబట్టి ఊరివాళ్ళే చేసుకుంటారు. మొదటి ఏడు గెడ్డకి అడ్డంగా మోకాలెత్తు రాతిగోడ కడతారు. వానలకి కొట్టుకొచ్చే ఒండ్రు గోడ వెనక పేరుకుంటుంది. పై ఏడు ఇంకో వరస రాళ్ళు, దాని వెనక ఇంకాస్త మట్టి. ఇలా పదేళ్ళో పన్నెండేళ్ళో కడితే గెడ్డ పక్కకి తప్పుకుని, గోడ వెనక బల్లపరుపుగా మడి మిగులుతుంది. ఓపిక లేనివాళ్ళకి అబ్బే వ్యవసాయం కాదది.

అలా కట్టిన దాన్ని వాళ్ళు చేతిమడి అంటారు. దానికో కట్టుబాటు ఉంది. వాలు మీది భూమి తాతల నాటిది కనక మగపిల్లలకి పోతుంది. చేతిమడి మాత్రం కట్టిన చేతులది. ఆడది కట్టినా సరే, ఊళ్ళో కాపురం ఉన్నవాళ్ళలో తనకి ఇష్టమైనవాళ్ళకి పెద్దల ముందు చెప్పి ఇచ్చుకోవచ్చు, కూతురికైనా ఇవ్వొచ్చు. కాకపోతే ఒక మెలిక పెట్టారు. మొగుడు పోయిన ఆడది మారుమనువు చేసుకుని ఇంకో ఇంటికి వెళితే మడి ఆమె వెంట వెళ్ళదు. మొదటి మొగుడి అన్నదమ్ములకి ఉండిపోతుంది. ఇలాంటి మెలికలు పెట్టేటప్పుడు ఆడవాళ్ళని ఎవరూ సలహా అడగరు, ఏ ఊళ్ళోనైనా.

సుక్రి మడికి మొదటి రాయి పెట్టింది ఆమె మొగుడు భీముడు. అన్నదమ్ములిద్దరిలో చిన్నవాడు. తన వంతు వాలులో పండే చోళ్ళు ఆరు నెలలకి కూడా చాలేవి కావు. సుక్రి కడుపుతో ఉన్న ఏడు గెడ్డలో దిగి, "పుట్టే బిడ్డకి మన మడిలో వరన్నమే పెట్టాల" అన్నాడు. ఆడపిల్ల పుట్టింది. గంగ అని పేరు పెట్టుకున్నారు. గోడ మూడు వరసలు లేచేసరికి భీముడికి చలిజ్వరం పట్టుకుంది. నలుగురు డోలీ కట్టి కొండ దింపుతుంటే సగం దారిలోనే ప్రాణం పోయింది. సుక్రికి అప్పటికి ఇరవై రెండేళ్ళు, గంగకి రెండు.

మగపిల్లాడు లేడు కనక వాలు భూమి భీముడి అన్నకి వెళ్ళింది. తప్పు పట్టడానికి లేదు, ఆచారం. మెచ్చుకోవడానికీ ఏమీ లేదు. ఉండటానికి ఇల్లు వదిలారు, చోళ్ళు చల్లుకోవడానికి చారెడు చోటు ఇచ్చారు. ఇక మిగిలింది గెడ్డలో మూడు వరసల రాళ్ళు. వాటిని మాత్రం ఎవరూ అడగలేదు, ఎవరికి కావాలి కనక.

సుక్రి నాలుగో వరస మొదలుపెట్టింది. పొద్దున్న కూలికి పోయి, మధ్యాహ్నం నుంచి రాళ్ళు దొర్లించేది. ఊళ్ళో ఆడవాళ్ళు నీళ్ళకి వస్తూ, కొండను తవ్వి ఎలకను పట్టినట్టుందని నవ్వేవాళ్ళు. ఆ ఏటి వానలకి గోడ నడిమికి తెగి, భీముడు కట్టిన రెండు వరసలు కూడా తీసుకుని పోయింది. ఆ రోజు సుక్రి గెడ్డ ఒడ్డున కూర్చుని, మొగుడు పోయిన రోజుకన్నా ఎక్కువ ఏడ్చింది. ఆ మాట తర్వాత తనే చెప్పుకుని సిగ్గుపడేది.

అప్పుడు వచ్చాడు గాసి. కొండవతలి ఊరివాడు. పెళ్ళాం పురిట్లో పోయింది, ఒక కొడుకున్నాడు. గోడ కట్టడంలో చుట్టుపక్కల నాలుగూళ్ళలో అతన్ని మించినవాడు లేడు. చుట్టాలింటికి వచ్చి, గెడ్డ దాటుతూ తెగిన గోడ చూసి నిలబడిపోయాడు.

"నీళ్ళని ఆపుదామనుకున్నావేటి?" అన్నాడు.

"మరేటి సెయ్యాల?" అంది సుక్రి, మొహం తుడుచుకుంటూ.

"నీళ్ళు ఎవరి మాటా ఇనవు. నీళ్ళని పోనీ. మట్టిని ఆపు."

రాయికీ రాయికీ మధ్య సందు ఎంత వదలాలో, సందు వెనక వెదురు కొమ్మలు ఎలా పరిస్తే నీరు వడగట్టుకుని పోతుందో, పక్కనుంచి గెడ్డకి దారి ఎలా తియ్యాలో చూపించాడు. రెండు రోజులకని వచ్చినవాడు పదకొండు రోజులున్నాడు. బదులుగా సుక్రి కొండ దాటి వెళ్ళి అతని మడిలో ఊడ్పులకి సాయం చేసింది. పై ఏడు మళ్ళీ అతను వచ్చాడు, మళ్ళీ ఆమె వెళ్ళింది. ఆ కొండల్లో పనికి పని బదులు చేసుకోవడం మామూలే. వీళ్ళిద్దరి బదులు మాత్రం కాస్త ఎక్కువగా సాగుతోందని ఊరంతా గమనించింది. గమనించనట్టు నటించింది కూడా, పాపం మంచి ఊరే.

నాలుగేళ్ళు అలా నడిచింది. సుక్రి బతుకులో మనసారా నవ్విన ఏళ్ళు ఏవంటే అవే. గాసి రాళ్ళతో మాట్లాడేవాడు. ఏ రాయి అయినా కుదురుగా కూర్చోకపోతే, "నీకేటి నొప్పి?" అని దాన్నే అడిగేవాడు. గంగ అతని భుజం మీదెక్కి కూర్చుని గోడకి హుకుం జారీ చేసేది. సుక్రికి అతనంటే ప్రాణం. ఇందులో దాచేదేమీ లేదు, ఆమె కూడా దాచలేదు.

నాలుగో ఏడు సంతలో ఉప్పు కొనుక్కుని వస్తుంటే గాసి అడిగాడు. "నా ఇంటికి వచ్చీ సుక్రీ. గుంట గంగని కూడా తెచ్చీ. దాన్ని నా గుంటలాగే సూస్తాను."

"మరి మడి?"

"మడి ఇక్కడే ఉంటాది. నాకు లేదేటి మడి? మనకి సాలదా?"

సుక్రి ఆ రాత్రంతా ఆలోచించింది. గాసి మడి గాసి కొడుకుది. తను వెళ్ళిపోతే ఈ మడి బావగారిది. ఇటూ అటూ రెండూ చూస్తే గంగకి పిడికెడు మట్టి లేదు. భీముడు కూతురికి వరన్నం పెట్టాలని మొదలెట్టిన పని, తను కొత్త మొగుణ్ణి చూసుకుని వదిలేసి పోవడం ఆమె వల్ల కాలేదు.

"కొన్నాళ్ళు ఆగు" అంది మర్నాడు. "మడి పండనీ. గంగ పెద్దదవనీ. ఊరి ముందు మడి దాని సేతిలో పెట్టీసి, ఉత్త సేతులూపుకుంటూ నీ యింటికొస్తాను."

"ఎన్నాళ్ళు?"

"నాకేటి తెలుసు? మట్టి ఎప్పుడొస్తే అప్పుడు."

గాసి ఇంకో మూడేళ్ళు ఆగాడు. కొడుక్కి వండిపెట్టే దిక్కు లేదు, తల్లి మంచం పట్టింది. ఆ ఏడు వానలు సరిగా లేక గోడ వెనక బెత్తెడు మట్టి కూడా చేరలేదు. గాసి ఆ చలికాలంలో చిన్నమ్మి అనే ఆవిణ్ణి తెచ్చుకున్నాడు. సుక్రికి కబురు ముందే పంపాడు, చాటుగా చేసుకోలేదు. అతన్ని ఏమీ అనడానికి లేదు. ఎవరినీ ఏమీ అనడానికి లేకపోతే ఆ ఏడుపు మరీ కష్టం. సుక్రి పొయ్యి వెలిగించడం మానేసి మూడు రోజులు గంగకి పక్కింటి అంబలి పెట్టింది. నాలుగో రోజు వెళ్ళి తొమ్మిదో వరస రాళ్ళు పేర్చింది.

పన్నెండో ఏట మడి పండింది. పెద్ద పంటేమీ కాదు. కొత్తమట్టి బలంగా ఉంటుంది కానీ దిగువన రాళ్ళు ఇంకా తగులుతున్నాయి. అయినా తల్లీ కూతుళ్ళు తిన్నన్నాళ్ళు తిన్నారు. గంగ పెద్ద గిన్నెడు అన్నం తిని, "ఇది నాన్న మడా, నీ మడా?" అని అడిగింది. "నీ మడి" అంది సుక్రి. పైరు కోసేశారు కనక ఆ మాట అనొచ్చు. ఎందుకంటే ఆ ఊళ్ళో ఇంకో నియమం ఉంది, అదే ఈ కథంతా మింగేసింది.

పొట్టకొచ్చిన వరి వాళ్ళకి నిండు చూలాలితో సమానం. అప్పటినుంచి కొత్తన్నం పండుగ దాకా, మడిలో నిలబడి ఎవరూ 'ఇది నాది' అనరు. అంటే మట్టి తెచ్చి ఇచ్చిన గెడ్డకి కోపం వస్తుందని, గింజ తాలుపోతుందని భయం. ఎవరైనా 'ఎవరిదీ మడి' అని అడిగినా తల దించుకుని ఊరుకుంటారు. ఊరివాళ్ళయితే అసలు అడగరు.

గంగని పక్క మండలంలో ఇచ్చారు. పరాయి ఊరికి కాపురానికి పోయిన పిల్లకి మడి ఇవ్వడానికి లేదు కనక సుక్రి ఒక్కతే పండించుకుంది. గాసిని ఏడాదికి రెండు మూడుసార్లు సంతలో చూసేది. వానల గురించి మాట్లాడుకునేవాళ్ళు. ఒకసారి అతని జుట్టు నెరవడం చూసి ఆమెకి దారిపొడుగునా దుఃఖం వచ్చింది. అంతకుమించి వాళ్ళిద్దరి మధ్య ఏమీ లేదు.

నాలుగేళ్ళ కిందట గంగ ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని తిరిగొచ్చేసింది. మొగుడు పనికని కేరళ వెళ్ళి అక్కడే ఇంకో సంసారం పెట్టాడు. అత్తింట్లో, మొగుడు లేని కోడలికి ఇక్కడేం పని అన్నారు. పుట్టింటి వాలు భూమిలో ఆడపిల్లకి వంతు లేదు. సుక్రి మాత్రం కూతుర్ని చూసి ఏడవలేదు. మొదట మడి వైపు చూసింది. తను ఎందుకు కట్టిందో ఇన్నాళ్ళకి తెలిసినట్టయింది. ఊరిపెద్ద అయిన నాయుడు దగ్గరకి వెళ్ళి, మడి గంగకి ఇస్తానంది. ఆయన సరేనని, "కొత్తన్నం రోజున అందరి ముందూ సెప్పు. పైరు మీదుంది గదా, ఇప్పుడు కాదు" అన్నాడు. కొత్తన్నానికి ఇంకా ఏడు వారాలుంది.

ఆ ఏడు వారాల్లోనే సర్వే వాళ్ళు వచ్చారు.

దసరా వెళ్ళిన వారం. పైరు పొట్టకొచ్చి ఉంది. ఇద్దరు మనుషులు గొడుగులాంటి యంత్రం ఒకటి మోసుకుని, చేతిలో ట్యాబు పట్టుకుని మడి మడికీ తిరిగారు. వెనక నాయుడూ, ఊళ్ళో పదిమందీ నడిచారు. వాలు భూముల దగ్గర ఎవరి పేర్లు వాళ్ళు చెప్పుకున్నారు, చోళ్ళకి ఆ పట్టింపు లేదు. సుక్రి మడి గట్టు మీదకొచ్చి యంత్రం నిలబెట్టి, కుర్ర సర్వేయరు అడిగాడు.

"ఈ మడి ఎవరిదండీ?"

సుక్రి అక్కడే ఉంది. పైరు ఆమె మోకాళ్ళకి తగులుతోంది. తల దించుకుంది. నాయుడు కొండ వైపు చూశాడు. గంగ తల్లి మొహం చూసింది. ఆ పదిమందికీ ఆ మడి ఎవరిదో తెలుసు, ఒక్క నోరు లేవలేదు.

"చెప్పండమ్మా, ఇంకా చాలా ఊళ్ళున్నాయి. ఎవరిదీ కాకపోతే వాగు కింద రాసేస్తాను. గవర్నమెంటుది అయిపోద్ది మరి."

అతని తప్పు లేదు. నోరు తెరిచి అడిగాడు, ఇంకోసారి కూడా అడిగాడు. మనదేశంలో అంతకన్నా మర్యాద ఎవరూ చెయ్యరు.

"మాదే సార్" అని ఒక గొంతు వినిపించింది. రవిబాబు. భీముడి అన్న కొడుకు. ఇంటర్ దాకా చదివి, విశాఖపట్నంలో హోటల్లో ఆరేళ్ళు పనిచేసి, బండి కొనుక్కుని తిరిగొచ్చినవాడు. సుక్రికి మోకాళ్ళ నొప్పి మాత్రలు అడక్కుండానే తెచ్చిపెట్టే పిల్లాడు. "కిల్లో రవిబాబు. ఆధార్ ఇదిగోండి."

నిజం చెప్పాలంటే సుక్రి భయపడింది పేరు గురించి కాదు. పొట్టతో ఉన్న పైరు వింటుండగా నాది అన్నాడు, గింజ తాలుపోతుందేమో అని. ఆ సాయంకాలం కోడిని కోసి గెడ్డకి చెప్పుకుంది, కుర్రాడు తెలియక అన్నాడు, మనసులో పెట్టుకోకు అని.

రవిబాబు ఇంటికొచ్చి చెప్పాడు. "నాను అనకపోతే గవర్మెంటుదని రాసీసేవోడు పిన్నీ. మీరందరూ రాళ్ళలాగ నిలబడిపోనారు."

"మంచి పని సేసినావు బాబూ" అంది సుక్రి. మనస్ఫూర్తిగానే అంది. అతను కూడా ఆ రోజు మనస్ఫూర్తిగానే అన్నాడు. ఇదంతా మోసంతో మొదలైందని చెప్పుకుంటే కథ తేలికైపోయేది.

ఆ ఏడు గింజ ఒక్కటీ తాలుపోలేదు. కొత్తన్నం రోజున సుక్రి పెద్దల ముందు నిలబడి, "నా మడి నా కూతురు గంగకి ఇచ్చీసినాను" అంది. ముప్పై ఏళ్ళుగా నోట్లో దాచుకున్న మాట. నాయుడు ఆకులో కొత్తన్నం పెట్టి గంగ చేతికిచ్చాడు. రవిబాబు కూడా తిన్నాడు, తలూపాడు. సుక్రి ఆ రోజు ఆడవాళ్ళతో కలిసి థింసా ఆడింది. నొప్పి మోకాళ్ళతోనే తెల్లారేదాకా వరసలో ఉంది.

చలి తగ్గాక పాసుపుస్తకాలు వచ్చాయి. ఏడో తరగతి దాకా ఆశ్రమ పాఠశాలలో చదివిన గంగ చూసి, "అమ్మా, మన మడి రవి పేరున ఉన్నాది. ఫొటో కూడా ఆడిదే" అంది.

"పేరే గదా" అంది సుక్రి. పేరు ఎంత బరువుంటుందో ఆమెకి తెలీదు. రాళ్ళ బరువు తెలుసు.

గంగకి తెలుసు. తల్లిని తీసుకుని మండల ఆఫీసుకి వెళ్ళింది. అక్కడి గుమాస్తా విసుక్కోకుండా చెప్పాడు, రవిబాబు వచ్చి సంతకం పెడితే మారుస్తామని. రవిబాబు వస్తానన్నాడు. కాఫీ గింజలు ఎండబెట్టాలన్నాడు ఒకసారి, బండి పాడైందన్నాడు ఇంకోసారి. "ఎక్కడికి పోద్ది పిన్నీ, మనింటిదే గదా. నువ్వున్నన్నాళ్ళు పండించుకో" అన్నాడు మూడోసారి. ఆ 'నువ్వున్నన్నాళ్ళు' గంగకి ముల్లులా గుచ్చుకుంది. సుక్రికి ఇంకా అర్థం కాలేదు. చంటిపిల్లాడిగా ఎత్తుకు తిప్పిన వాణ్ణి అనుమానించడం ఆమెకి రాదు.

ఆ వేసవిలో ఊరి పైన ఉన్న జలపాతానికి రోడ్డు వేశారు. శనాదివారాలు కార్లు రావడం మొదలైంది. సంత ఊళ్ళో కిరాణా కొట్టున్న ఆదినారాయణ అనే మైదానం వ్యాపారి, వచ్చినవాళ్ళు రాత్రి పడుకోవడానికి గుడారాలు వేస్తే బాగుంటుందని లెక్కేశాడు. కొండవాలు మీద గుడారం నిలవదు. సాపు నేల కావాలి, పక్కన గెడ్డ పారుతుండాలి. అలాంటిది ఆ చుట్టుపక్కల ఒక్కటే ఉంది. ఏజెన్సీలో బయటివాళ్ళు భూమి కొనకూడదు కనక ఆయన కొననే లేదు. కాగితం రవిబాబుది, పెట్టుబడి ఆదినారాయణది. కంచే చేను మేసిందని సామెత చెప్పుకోవచ్చు, కానీ ఈ కంచె ఆ చేనుని ఒకప్పుడు నిజంగానే కాపాడింది.

సుక్రి పెద్దల్ని కూర్చోబెట్టింది. నాయుడు కట్టుబాటు ప్రకారం మడి సుక్రిదే, ఇచ్చాక గంగదే అన్నాడు. రవిబాబు ఎదురు చెప్పలేదు.

"నానూ కాదనట్లేదు తాతా. కానీ ఆయనకి మాటిచ్చీసినాను. సామాను కూడా వచ్చీసినాది. గంగ అక్కకి వంట పని ఇప్పిస్తాను, నెల నెలా జీతం. మడి మీద అంత వస్తాదా?"

"మా మాట ఈ గెడ్డ దాటదమ్మా" అన్నాడు నాయుడు సుక్రితో. "ఆ కాగితం ఎక్కడెక్కడిదాకానో పోద్ది." సర్వే వాళ్ళు వచ్చిన రోజు ఆడామగా పదిమంది తల దించుకుని ఎందుకు నిలబడ్డామా అని అందరికీ అనిపించింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు, అక్కడ పట్టుకోవడానికి ఆకులు కూడా లేవు.

జేసీబీ ఆషాఢంలో వచ్చింది. ఆమె వెళ్ళి దానికి అడ్డంగా పడుకుందని రాస్తే చదవడానికి బాగుంటుంది. సుక్రి పడుకోలేదు. మడి మీద కంకర పోస్తుంటే గట్టున నిలబడి చూసింది. మొదటి లోడు పడ్డప్పుడు మెత్తటి నల్లమట్టి పక్కకి ఉబ్బి పైకొచ్చింది. ఆ మట్టి ఏ ఏడు ఏ వానకి వచ్చిందో ఆమె చెప్పగలదు. డ్రైవరు దగ్గరకెళ్ళి ఒక్క మాట అడిగింది. "ఆ పక్కన నీళ్ళకి దారి ఉంది బాబూ. దాన్ని ఒగ్గీ. కప్పీసినావంటే గోడ తెగిపోద్ది." డ్రైవరు సరేనని దారి వదిలాడు. గోడ నిలిచింది. గోడ వెనక మడి లేదు.

గంగ వంట పనిలో చేరింది. ఇద్దరు పిల్లలున్న మనిషి, చేరక ఏం చేస్తుంది? తల్లి మొహం చూడకుండా వెళ్ళి, తల్లి మొహం చూడకుండా వచ్చేది. జేసీబీ రాకముందే, ఆశ చావక సుక్రి పెరట్లో నారు పోసి ఉంది, అలవాటు కొద్దీ. అది జానెడు ఎత్తు లేచి పచ్చగా నవ్వుతోంది. నారు ఆగదు. ఇరవై ఐదు రోజులు దాటితే ముదురుతుంది, ముదిరితే పశువులకి తప్ప దేనికీ పనికిరాదు. ఊళ్ళో అందరికీ ఎవరి నారు వాళ్ళకుంది. సుక్రి ప్రతి పొద్దునా దానికి నీళ్ళు చల్లి, ఎదురుగా కూర్చుని ఏడ్చేది. మడి పోయినందుకన్నా ఆ నారుని చూస్తేనే ఆమెకి కడుపు తరుక్కుపోయేది.

సంతలో ఒకావిడ నారు కోసం వాకబు చేస్తోంది, తమ నారుమడి వరదకి కొట్టుకుపోయిందని. సుక్రి తన దగ్గర ఉందంది. ఆవిడ సంబరపడి, "కట్టలు తెచ్చీ సెల్లీ, నువ్వు కూడా నాటడానికి వచ్చీ, కూలి ఇస్తాను" అంది. ఊరు అడిగితే కొండవతల అంది. ఎవరింటికి రావాలంటే, "గాసి ఇల్లంటే ఎవరైనా సెప్తారు" అంది. చిన్నమ్మిని సుక్రి అంత దగ్గరగా చూడటం అదే మొదటిసారి. మంచి మొహం.

వెళ్ళకూడదనుకుంది. కానీ నారు ఆగదు. మర్నాడు కట్టలు నెత్తిన పెట్టుకుని కొండ దాటింది. పాతికేళ్ళ తర్వాత ఆ దారి.

గాసి గట్టు మీద కూర్చుని ఉన్నాడు. పని చేసే ఓపిక పోయింది, చూపు కూడా తగ్గింది. అయినా కట్టలు దించుతున్న మనిషిని పోల్చుకున్నాడు. సంగతంతా అతనికి ముందే తెలిసింది. కూలివాళ్ళు వరసలో ముందుకి పోయాక, వినపడీ వినపడనట్టు అడిగాడు.

"నాది అని ఒక్క మాట అనలేకపోనావా సుక్రీ?"

"ఎలాగంటాను? పైరు పొట్టతో ఉన్నాది."

గాసి తల పంకించాడు. "అవును. నానైనా అనీవోణ్ణి కాదు."

ఇన్ని నెలల్లో ఆమె బాధ అర్థం చేసుకున్న మాట అదొక్కటే. సుక్రి కళ్ళు తుడుచుకోలేదు, చేతులకి బురద ఉంది. వంగి నాటుతూ పోయింది. మెత్తటి మడి, కాలు చీలమండ దాకా దిగుతోంది. ఈ మట్టిలోకి ఇంటిదై దిగవలసిన మనిషి, ఇన్నేళ్ళకి కూలిదై దిగింది. దేనికోసం రాకుండా ఉండిపోయిందో అదీ దక్కలేదు. ఈ సంగతి ఆమెకి ఆ రోజు, ఆ బురదలో, ప్రతి మొక్క దగ్గరా తెలుస్తూనే ఉంది. అయినా ఒక్క మొక్క కూడా వంకరగా పెట్టలేదు.

పొద్దువాలాక చిన్నమ్మి కూలివాళ్ళకి ధాన్యం కొలిచింది. సుక్రి కూడా వరసలో నిలబడి, తన వంతు వచ్చినప్పుడు కొంగు పట్టింది. చిన్నమ్మి కొలత వేసి, పైన ఇంకో దోసెడు కలిపింది.

"అందరికన్నా బాగా నాటినావు సెల్లీ, సొంత మడిలో నాటినట్టు" అంది. "పై ఏడు కూడా వచ్చీ."

సుక్రి వస్తానని తలూపింది. కొంగు ముడి వేసుకుని, చీకటి పడకముందే కొండ ఎక్కడం మొదలుపెట్టింది.